నర్సింలు కాక తెచ్చిన దవడ

సొరచేప మాంసం ముక్క ఉన్న డబ్బా మూత తీయగానే ముక్కులు మండేలా ఒక వాసన వస్తుంది. సొరచేపలు ఒంట్లో యూరియాను దాచుకుని ఉప్పునీళ్లలో బతుకుతాయి. చచ్చాక ఆ యూరియాయే విరిగి అమ్మోనియా ఘాటుగా మారుతుంది. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లు ఆ వాసనకు కిటికీ దగ్గరికి పరిగెత్తడం మామూలే. నిన్న కూడా ఒకమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మీకేమీ అనిపించదా మేడం?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. అనిపించకపోవడం ఏమిటి! కాకపోతే ఆ వాసన వస్తే అందరిలా నాకు సముద్రం గుర్తుకు రాదు, ఎల్లారెడ్డి గుర్తుకొస్తుంది. ఏ సముద్రానికీ దగ్గరలో లేని మా ఊరు, ఆ ఊర్లో మా పక్కింటి గుమ్మం మీద వానాకాలంలో చెమ్మ తగిలి ఇదే వాసన వేసే ఒక దవడ, దాన్ని అక్కడ మేకులతో కొట్టిన నర్సింలు కాక.

ఆయన మాకు చుట్టం కాదు. గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇల్లు కాబట్టి కాక అయ్యాడు, ఆయన భార్య రాజవ్వ నాకు చిన్నమ్మ అయింది. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన గల్ఫ్‌లో ఉన్నాడు. మా వైపు ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే లెక్క. నేను హైస్కూల్లో చేరిన ఏడాది ఆయన పని వదిలేసి వచ్చేశాడు. ఆ రోజు వాకిలంతా జనం. సెంటు సీసాలు, దుప్పట్లు, పిల్లలకు చాక్లెట్లు తీసి పంచి, చివరికి పెట్టె అడుగున టవలులో చుట్టిన ఒక మూటను జాగ్రత్తగా పైకి తీశాడు. బంగారమేమో అనుకుని అందరం మెడలు చాచాం. టవలు విప్పితే అందులో పళ్లు బయటపెట్టుకుని నోరు తెరిచిన ఒక దవడ ఉంది. ఒక వరుస వెనక ఇంకో వరుస, దాని వెనక ఇంకోటి. రాజవ్వ చిన్నమ్మ కెవ్వుమంది. నేను మా అమ్మ కొంగు వెనక దాక్కున్నాను.

"దుబాయ్ నుంచి అందరు బంగారం తెస్తరు, నువ్వు గీ బొక్కలు తెచ్చినవా?" అంది చిన్నమ్మ, ఊపిరి తిరిగాక.

"బొక్కలు గావే, ఇది మెత్తటిది. సొరకు ఒంట్ల ఒక్క బొక్క ఉండది," అన్నాడు కాక, సొరకు ఎముకలు లేకపోవడం అదేదో తన గొప్పయినట్టు.

మర్నాడే దాన్ని గుమ్మం పైన మేకులతో బిగించాడు. దిష్టి తగలకుండా పెట్టుకున్నాడని ఊరంతా అనుకుంది. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. తర్వాత బస్టాండు రోడ్డులో చేపల దుకాణం పెట్టాడు. నిజాంసాగర్ నుంచి, పోచారం చెరువు నుంచి వచ్చే రవ్వలు, బొచ్చెలు అమ్మేవాడు. బడి వదిలాక నేను అక్కడే నిలబడేదాన్ని. పిల్లలు అడిగే ప్రశ్నలకు పెద్దవాళ్లు ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. కాక అలా కాదు. కత్తి పక్కన పెట్టి, తెలిసింది చెప్పేవాడు, తెలియనిది తెలియదనేవాడు. చేప పొట్టలోంచి తెల్లటి గాలితిత్తి తీసి నా అరచేతిలో పెట్టి, "గిది ఉంటెనే చేప నీళ్లల్ల తేలుతది. సొరకు గిది ఉండది. ఎట్ల తేలుతదో నాకు తెల్వది. నువ్వు సదువుకోని చెప్పాలె," అన్నాడొకసారి. ఒక పెద్దమనిషి నాకు అప్పజెప్పిన మొదటి పని అదే.

ఆ దవడ ఎవరిదని అడిగింది కూడా అలాంటి ఒక సాయంత్రమే. దుకాణంలో బేరాలు లేవు. కాక కత్తి కడిగి పక్కన పెట్టాడు.

"ఒక తల్లిది," అన్నాడు. "నేను పోయిన కొత్తల. రేవుల బోటు వచ్చింది. కుప్పల కొద్ది సొరలు బిడ్డా. రెక్కలు ఒక దిక్కు, మొండాలు ఒక దిక్కు. నాకు పొట్టలు చీరే పని ఇచ్చిండ్రు. గా కుప్పల ఒకటి, తల గిట్ల సుత్తి తీరు ఉన్నది. ఇంక పానం పోలే దానికి. నాకు తెల్వది, చీరిన. చీరంగనే లోపల పిల్లలు."

"గుడ్లా?"

"గుడ్లు గాదు. పిల్లలు. మనిషి పిల్లల లెక్క బొడ్డుపేగుతోని ఉన్నయి. కదులుతున్నయి."

చేపంటే గుడ్లు పెడుతుందని బడిలో చదువుకున్నదాన్ని. కడుపులో పేగుతో పిల్లల్ని మోసే చేప ఉంటుందని, అలాంటిదాన్ని నా ఎదురుగా కూర్చున్న ఈ మనిషి చీల్చాడని ఒకేసారి తెలిసింది. కాక ఆ పిల్లల్ని పేగులు కోసి బకెట్లో వేసుకుని రేవు చివరికి పరిగెత్తాడట. వెనక నుంచి ఫోర్‌మన్ బూతులు తిడుతూనే ఉన్నాడట. తల్లి దవడను మాత్రం తర్వాత అడిగి తీసుకుని, ఉప్పు రాసి తాముండే మేడ మీద ఎండబెట్టుకున్నాడు.

"పిల్లలు బతికినయా కాకా?"

"నీళ్లు తాకంగనే తోకలు ఆడిచ్చుకుంట పోయినయి. బతికే ఉంటయి. గిప్పటికి గింతింత పెద్దగై ఉంటయి," అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటర్ అయ్యాక మా బాపు నన్ను కామారెడ్డిలో ఏదైనా కంప్యూటర్ కోర్సులో చేర్పిస్తానన్నాడు. బాపుది టైలరింగు. జంతుశాస్త్రం చదువుతానంటే ఆయనకు మింగుడుపడలేదు. "జంతువుల సదువు సదివి ఏం జేస్తవే? పసుల దవాఖాన్ల పనా?" అన్నాడు. గోడ అవతల నుంచి కాక అందుకున్నాడు. "అన్నా, పోరి అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర లేదు. జవాబున్న తానికి పోనియ్యి." అడ్మిషన్ రోజు బాపుకు పెళ్లి బట్టలు కుట్టే పని మీద పడితే, నన్ను కామారెడ్డి బస్సు ఎక్కించి, కాలేజీ గేటు దాకా వచ్చింది కూడా ఆయనే. చేపల వాసన వస్తుందేమోనని ఆ రోజు దుబాయ్ సెంటు ఒళ్లంతా పూసుకున్నాడు. బస్సులో జనం మా వైపే చూశారు.

ఆ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన మేడం ఒకరోజు మామూలుగా, పుస్తకంలో పేజీ తిప్పుతూ, భూమ్మీద చెట్లు పుట్టకముందే సముద్రంలో సొరచేపలు ఉన్నాయని చెప్పారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ సాయంత్రం ఎల్లారెడ్డిలో బస్సు దిగి నేరుగా దుకాణానికి వెళ్లి చెప్పాను.

"చెట్లకంటె ముందా?" అన్నాడు కాక.

"అవ్ కాకా. డైనోసార్లకంటె గూడ ముందు."

రోడ్డవతల ఉన్న వేపచెట్టు వైపు చాలాసేపు చూశాడు. చేతిలో సగం కోసిన రవ్వను అలాగే బల్ల మీద పెట్టేశాడు. "నేను కోసింది గంత పాత ఇంటిదా?" అన్నాడు. కొనడానికి నిలబడ్డావిడ, "ముక్కలు కొట్టు," అంటున్నా ఆయన చెయ్యి కదల్లేదు.

ఆ తర్వాత నా చదువు హైదరాబాద్ దాకా సాగింది. చేపల జన్యువుల మీద పనిచేసే ల్యాబులో చేరాను. అక్కడ నేను నేర్చుకున్న పని మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదవడం. ఎండిపోయిన పాత ముక్కల్లోంచి కూడా అది దొరుకుతుంది, ఎందుకంటే ఒక్కో కణంలో దాని నకళ్లు వందల కొద్దీ ఉంటాయి. అది దొరుకుతుందని తెలిసిన రోజే నాకు కాక గుమ్మం గుర్తొచ్చింది. సెలవుకు ఊరెళ్లి, దవడలోంచి చిన్న ముక్క ఇమ్మని అడిగాను. దానితో ఏం తెలుస్తుందో చెప్పమన్నాడు. నాకు వచ్చినట్టు చెప్పాను.

"ఒంట్ల ప్రతి కణంల చిన్న చిన్న పొయ్యిలుంటయి కాకా. మనం తిన్నదాన్ని మండిచ్చి బలమిస్తయి. గా పొయ్యిలకు సొంత రాత ఒకటి ఉంటది. అది అమ్మ నుంచే వస్తది. నాకు మా అమ్మది, మా అమ్మకు మా అమ్మమ్మది."

"మరి తండ్రిది ఏం రాదా?" కాక కొంచెం నొచ్చుకున్నట్టే అడిగాడు.

"వస్తది గని అది వేరే తాన ఉంటది. పొయ్యి మాత్రం అమ్మదే."

"పొయ్యి ఎన్నడు మొగోళ్లు జూసిండ్రు గనుక," అంది లోపల నుంచి రాజవ్వ చిన్నమ్మ. ముగ్గురం నవ్వాం. కాక స్టూలెక్కి దవడను దించి, పైకి కనబడని వెనక వైపు నుంచి తనే ఒక ముక్క కోసి ఇచ్చాడు. ఇస్తూ, "పిల్లలు ఏడున్నయో గూడ తెలుస్తదా?" అని అడిగాడు. "సూద్దాం కాకా," అన్నాను.

ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం నేను కంప్యూటర్ ముందు నుంచి లేవలేకపోయాను. అది సుత్తితల సొర అని తేలింది. దానికి ఆశ్చర్యం లేదు. కానీ దాని తల్లి వరుస, అంటే తల్లి నుంచి కూతురికి దిగివచ్చే ఆ రాత, ఇటీవల కాక పనిచేసిన గల్ఫ్ తీరంలో సేకరించిన సొరల్లో దేనితోనూ కలవలేదు. మిగతా తీరాలవాటితో పోల్చాను. అక్కడా లేదు. పొరపాటేమో అనుకున్నాను. మా ల్యాబు సార్ మళ్లీ చెయ్యమన్నారు. మళ్లీ చేశాను. అదే వచ్చింది. సార్‌కు అది మంచి వార్త. ఒకప్పుడు ఆ నీళ్లలో ఏముండేదో చెప్పే ఆధారం దొరికిందని సంతోషపడ్డారు. నాకు మాత్రం కాక బకెట్లో మోసుకెళ్లిన పిల్లలు గుర్తొచ్చాయి. సొరచేపల్లో ఈ రాత మనుషుల్లో కంటే, పశువుల్లో కంటే చాలా మెల్లగా మారుతుంది. ఒక వరుస కొత్తగా ఏర్పడాలంటే మన ఊహకు అందనంత కాలం కావాలి. పోవడానికి మాత్రం ఒక రేవు, కొన్ని బోట్లు చాలు. ఆ తల్లి కూతుళ్లలో ఒక్కటి బతికి పిల్లల్ని కని ఉన్నా, ఆ వరుస ఎక్కడో ఒకచోట మా కంటబడే అవకాశం ఉండేది.

ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో తెలియకుండానే ఎల్లారెడ్డి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి, "ఏం తేలింది?" అన్నాడు. ఆయన నాకు ఎన్నడూ ఏదో ఒకటి చెప్పి పంపేయలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటె పిల్లలు బతకలే," అన్నాడు కాక.

"గట్ల అనరాదు కాకా. మేం చూసినయి తక్కువ. ఇంకా చూడనియి ఎన్నో ఉన్నయి. మగపిల్లలు బతికినా వాటి పిల్లలల్ల గీ రాత కనబడది."

"ఆడియి ఉండె బిడ్డా. నేను జూసిన. ఆడియి ఉండె."

ఆయన ముఖం నేను అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. నా ముందే పదేళ్లు పైబడినట్టు అయిపోయాడు. ఇన్నేళ్లూ ఆయన గుమ్మం దాటినప్పుడల్లా తలెత్తి చూసుకున్నది చంపిన తల్లిని కాదని, బతికించిన పిల్లల్ని అని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపి లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత దుకాణం తెరవలేదు. వారం తిరక్కముందే రాజవ్వ చిన్నమ్మ ఫోన్ చేసింది. "ఏం జెప్పినవే ఆయనకు? అన్నం ముడుతలేడు, పలుకుతలేడు," అని ఏడ్చింది. నేను బయల్దేరేలోపే మళ్లీ ఫోన్ వచ్చింది. "పొద్దుగాల లేసి అంగి తొడుక్కోని కామారెడ్డి పోయిండు. ఎందుకని అడిగితె చెప్తలేడు."

ఎందుకో నాకు తర్వాతి సెలవులో తెలిసింది. కామారెడ్డి రైల్వే స్టేషన్ దగ్గర ఒక టీ హోటల్ ఉంది. వీసాల కోసం, మెడికల్ పరీక్షల కోసం తిరిగే మన వైపు పిల్లలు అక్కడ కూర్చుంటారు. కాక వారానికోసారి అక్కడికి పోయి, ఎవరెవరు చేపల పనికి పోతున్నారో వెతికి పట్టుకుని మాట్లాడుతున్నాడు. నన్నూ వెంట తీసుకెళ్లాడు. పానం ఉన్న సొరను చీరేముందు చూడండి, కడుపుతో ఉంటే పిల్లల్ని నీళ్లలో వదలండి అని ఆయన చెబుతుంటే, నలుగురైదుగురు కుర్రాళ్లు గ్లాసులు పట్టుకుని నవ్వుతున్నారు.

"కాకా, మేం బతకనీకి పోతున్నం. చేపలను బతికిచ్చెటందుకు గాదు," అన్నాడొకడు.

"నేను గూడ బతకనీకే పోయిన బిడ్డా," అన్నాడు కాక. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు వీళ్లకు," అన్నాడు.

నేను చెప్పాను. మగ సొరలు దూరదూరాలు తిరుగుతాయి. ఆడవి చాలావరకు తాము పుట్టిన నీళ్లకే తిరిగివచ్చి కంటాయి. తల్లి నుంచి వచ్చే రాత చదివితే ఆ సంగతి బయటపడింది. ఒకచోట తల్లులను తీసేస్తే, ఇంకోచోటి తల్లులు వచ్చి ఆ జాగా నింపవు. ఆ నీళ్లు అట్లాగే ఖాళీ అయిపోతాయి.

"తల్లిగారింటికి వస్తయిరా కాన్పుకు," అన్నాడు కాక. "మన ఆడపిల్లల లెక్కనే."

నవ్వుతున్నవాళ్లు ఆగారు. నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన ఒకతను గ్లాసు కింద పెట్టి, "మా అక్క నిన్ననే వచ్చింది కాన్పుకు," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తనకే తెలియనట్టు. ఇన్నాళ్లు సెమినార్లలో బొమ్మలు గీసి, రంగులు వేసి నేను చెబుతూ వచ్చిన సంగతి అది. ఒక్క మాటలో అది ఇంత దగ్గరగా వచ్చి కూర్చోవడం చూసి నేనే నివ్వెరపోయాను.

అయినా నిజం చెప్పాలంటే, ఆయన మాటలు ఎవరైనా పాటిస్తారని నేను అనుకోలేదు. తన మనసు కుదుటపడటానికి తిరుగుతున్నాడనే అనుకున్నాను. రాజవ్వ చిన్నమ్మ కూడా అంతే. "దుకాణం ఇడిచిపెట్టి టీలు తాగవోతడు," అని సణిగేది. అలా రెండు మూడేళ్లు గడిచాయి. దుకాణం మళ్లీ తెరిచాడు, మాటలు కలిశాయి, కామారెడ్డి పోవడం మాత్రం మానలేదు. పోయినేడు ఎండాకాలంలో ఒకరోజు పొద్దున, బల్ల కడుగుతూ కడుగుతూ దుకాణంలోనే ఒరిగిపోయాడు. బాపు ఫోన్ చేసి, "నర్సింలు లేడే," అంటే, ఏ ఊరికి పోయాడని అడిగాను. అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి. ముందురోజే నాకు ఫోన్ చేసి, సొర ఎట్లా తేలుతుందో ఇంకా చెప్పలేదని గుర్తుచేశాడు. కాలేయంలో ఉండే నూనె వల్ల అని ఎప్పుడో చెప్పాను. వినడానికి బాగుంటుందని మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు.

దశదినకర్మ రోజు భోజనాలు వడ్డిస్తుండగా ఒక యువకుడు వాకిట్లో బండి దిగాడు. పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చానని, పేరు సాయిలు అని, కామారెడ్డి టీ హోటల్లో కాక మాటలు విన్నవాణ్ణని చెప్పాడు. చేతిలో ఖర్జూరాల పెట్టె ఉంది. "కాక ఉన్నడా?" అని నవ్వుతూ అడిగి, షామియానా కింద దండ వేసిన ఫోటో చూసి బిగుసుకుపోయాడు. ఎవరో కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"చుట్టీ దొరికితె మొన్ననే ఊరికి దిగిన," అన్నాడు రాజవ్వ చిన్నమ్మతో. "కాకకు చెప్పుదామని వచ్చిన. మా రేవుల మనోళ్లం కొందరం ఉన్నం. పానంతోని వచ్చిన తల్లిని ముందుగాల చూసి, పిల్లలుంటె ఇడుస్తున్నం. తల్లి లేస్తదనుకుంటె తల్లినే నూకుతున్నం నీళ్లల్లకు. మొదాలు ఫోర్‌మన్ మస్తు తిట్టిండు. ఇప్పుడు అటు మొకం తిప్పుకుంటున్నడు. మా దగ్గర జూసి పక్క రేవోళ్లు గూడ చేస్తున్నరు."

చిన్నమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఆయన మాట గంత దూరం పోయిందా?" అంది. ఎన్నో తీరాల సొరల రాతలు చదివిన నేను, పక్కింటి మనిషి చేస్తున్న పని ఏ తీరం చేరిందో కనుక్కోలేకపోయాను. చిన్నమ్మ తేరుకుని, ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి విస్తరి ముందు కూర్చోబెట్టింది. తను పక్కనే కూర్చుని, "ఇంకింత తిను బిడ్డా. ఎన్ని ఇడిచిండ్రో చెప్పు," అని అడుగుతూ, అతను చెప్పిందే మళ్లీ చెప్పించుకుంది.

ఇప్పుడు నా పనిలో భాగంగా కోస్తా రేవులకు వెళ్తుంటాను. బోట్లు వచ్చే వేళకు చేరుకుని, ఒడ్డున పరిచిన సొరల రెక్కల కొసల నుంచి చిన్న ముక్కలు కత్తిరించి సీసాల్లో వేసుకోవాలి. త్వరగా ముగించాలి, లేకపోతే వ్యాపారులు విసుక్కుంటారు. అయినా కత్తెర తీసేముందు ప్రతి ఆడ సొర పక్కనా గొంతుకూర్చుని, దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచుతాను. ఎందుకని అక్కడివాళ్లు అడిగితే, లోపల ఏమైనా కదులుతుందేమో చూస్తున్నానని చెబుతాను. దాదాపు ఎప్పుడూ ఏమీ ఉండదు. చల్లగా, గరుకుగా, బిగిసిపోయి ఉంటుంది. నా వెంట వచ్చే ల్యాబు పిల్లలు మొదట్లో నా వైపు వింతగా చూసేవారు. పోయిన నెల ఒకమ్మాయి, నేను చెప్పకుండానే, చేతికున్న గ్లవ్ తీసేసి ఇంకో ఆడ సొర పక్కన కూర్చుంది.